రోగికి చెప్పకుండుట దయయా?

ఇంటిలో ఒకరికి క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండనిన వ్యాధి, కలిగినదని తెలియగానే బంధువులు మొదట చేయు పని ఆ మాట రోగి చెవిని పడకుండ కాచుట. వైద్యుడు కుమారుని ప్రక్కకు పిలుచును. కుమారుడు మేనమామతో ఆలోచించును. రోగికి మాత్రము "చిన్న గడ్డ, తీసివేసిన సరిపోవును" అని చెప్పుదురు. ఇది ప్రేమవలననే జరుగుచున్నదని మేమెరుగుదుము. అయినను న్యాయము కాదని మా అభిప్రాయము.

చికిత్సకు ఎల్లప్పుడును ఒకటే త్రోవ యుండదు. రొమ్ము క్యాన్సరునే చూడుడు. అమెరికా శస్త్రవైద్యుడు బెర్నార్డ్ ఫిషరును ఆయన సహచరులును, 4 సెంటీమీటర్లకు మించని గడ్డలు గల స్త్రీలను 20 ఏండ్లు గమనించి 2002లో ఫలితములు ప్రకటించిరి. రొమ్మంతయు తీయించుకొన్నవారికిని, గడ్డను మాత్రము తీయించుకొని రేడియేషన్ పొందినవారికిని ఆయుర్దాయమున భేదము కనబడలేదు. అయితే గడ్డ తీయించుకొని రేడియేషన్ పొందనివారిలో నూటికి 39 మందికి అదే రొమ్మున వ్యాధి తిరుగబెట్టగా, పొందినవారిలో 14 మందికే తిరుగబెట్టినది. కావున చిన్న శస్త్రచికిత్స కోరినామె వారముల తరబడి రేడియేషనుకు పోవలసియుండును. పల్లెవారికి పట్టణమున బస, పోయిన కూలి, ఇంటివద్ద పసిబిడ్డలు, ఇవన్నియు లెక్కలోనివే. ఈ లెక్క వేయవలసినది ఎవరు? శరీరము ఎవరిదో వారే గదా! నలుగురు మగవారు వరండాలో నిలుచుండి తేల్చుట మాకు రుచింపదు.

చెప్పిన ధైర్యము చెడునందురు. ఆసుపత్రి గుమ్మముపై క్యాన్సరని పెద్ద అక్షరములతో వ్రాసియుండగా, తలవెండ్రుకలు రాలుచుండగా, ఆమె యెరుగదనుకొనుట మన వెఱ్ఱి. ఎరుగును, మన కొరకు ఎరుగనట్లు నటించును. భయము చెప్పుకొనుటకు మనిషి లేక ఒంటరిదగును. "నాకేమియు చెప్పవద్దు, పెద్దవాడే చూచుకొనును" అనువారును గలరు. అదియు వారి నిర్ణయమే. కాని అడుగకమునుపే మనము ఊహింపరాదు.

పై తరగతుల విద్యార్థులకొక మాట. అనేక గృహములలో ఇంగ్లీషు కాగితము చదువగలవారు మీరే. నాయనమ్మ కాగితమును మీచేత చదివించుకొని, ఆమెతో కల్లలాడుమని మీకే చెప్పుదురు. పిల్లల నెత్తిన ఇంత బరువు పెట్టుట పెద్దలకు తగదు. మీరు చేయదగిన సాయము వేరే కలదు. వైద్యుని యొద్దకు పోవుటకు ముందు ఆమె అడుగగోరిన ప్రశ్నలను ఆమె మాటలలోనే నోటుపుస్తకమున వ్రాయుడు. ఈ మందు వ్యాధిని పోగొట్టుటకా, బాధను తగ్గించుటకా? ఎన్నినాళ్లు? ప్రభుత్వ కార్డు చెల్లునా? ఆలస్యమైన నేమగును? రెండవ వైద్యుని అభిప్రాయము కోరుట మొదటివారికి అవమానము కాదు. బయాప్సీ కాగితముతోపాటు స్లైడులను, మైనపు బ్లాకులను అడిగి తీసికొని పొండు. జవాబులను వ్రాసికొని, ఇంటికి వచ్చి ఆమెకు చదివి వినిపింపుడు. నడుమ ఆమె ఆపుమన్నచో ఆపుడు.