పిండే బలం సరే, వదులయ్యే గుణమో?

ఎనిమిదో ఏట టైప్ 1 షుగర్ వచ్చిన అమ్మాయికి ఇప్పుడు ఇరవై ఆరేళ్లనుకుందాం. రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోందంటే ఎకో తీయిస్తారు. రిపోర్టు చివర ‘ఈఎఫ్ 62 శాతం, నార్మల్’ అని ఉంటుంది. ఇంటిల్లిపాదీ స్థిమితపడతారు. ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోవడమే పొరపాటని నా వాదన.

గుండె ఒకసారి ముడుచుకున్నప్పుడు తనలోని రక్తంలో ఎంత వంతు బయటికి నెట్టిందో ఈఎఫ్ చెబుతుంది. అంతే. గుండెకు ఇంకో పని ఉంది. కొలిమి తిత్తిని చూడండి. నొక్కితే గాలి వస్తుంది కానీ, ముందు అది తెరుచుకుని గాలి నింపుకోవాలి కదా. తోలు బిరుసెక్కితే నొక్కే చేతికి ఎంత బలమున్నా నిప్పు రాజుకోదు. టైప్ 1 మధుమేహంలో తరచూ ముందు దెబ్బతినేది ఈ తెరుచుకునే గుణమే. ఏళ్ల తరబడి రక్తంలో మితిమీరి తిరిగిన చక్కెర గుండె కండరంలోని కొల్లాజెన్ పోగులకు అంటుకుని, వాటిని ఒకదానికొకటి ముడివేసి గట్టిపరుస్తుంది. కణాలేమో చక్కెరను సరిగా వాడుకోలేక కొవ్వును ఎక్కువగా మండిస్తాయి. దాంతో అదే పనికి ఆక్సిజన్ మరింత ఖర్చవుతుంది. పెద్ద రక్తనాళాల్లో పూడిక లేకుండానే గుండె ఇలా నీరసించగలదు. చెప్పుకోదగ్గ పూడికలు లేకుండానే గుండె విఫలమైన నలుగురు మధుమేహ రోగుల గురించి రూబ్లర్ బృందం 1972లోనే రాసింది.

ఇది అరుదైన వింత కాదు. స్వీడన్‌లో దాదాపు 21 వేల మంది టైప్ 1 రోగుల వివరాలను విశ్లేషించి 2011లో ప్రచురించారు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) ఒక్కో శాతం పెరిగే కొద్దీ గుండె వైఫల్యం ముప్పు 30 శాతం పెరుగుతోందని తేలింది. అదే దేశపు 2018 లెక్కలు ఇంకా కలవరపెడతాయి. పదేళ్లలోపే షుగర్ వచ్చిన ఆడవాళ్లు సగటున 17 ఏళ్లకు పైగా, మగవాళ్లు 14 ఏళ్లకు పైగా ఆయుష్షు కోల్పోతున్నారు.

కళ్లు, కిడ్నీలు, పాదాలు ఏటా చూపించుకోమని డాక్టర్లు చెబుతారు. గుండె పనితీరుకు మాత్రం ఆయాసం వచ్చాకే వంతు వస్తుంది. షుగర్ నరాలను మొద్దుబార్చినవాళ్లకు ఛాతీ నొప్పి కూడా సరిగా తెలియదు. గుండె మీద భారం పెరిగితే రక్తంలో కనబడే ఎన్‌టీ ప్రో బీఎన్‌పీని మధుమేహం ఉన్నవాళ్లకు ఏడాదికోసారి చూడాలని అమెరికా డయాబెటిస్ సంఘం 2022లో సూచించింది. ఎకోలోనే ‘స్ట్రెయిన్’ కొలిస్తే, ఈఎఫ్ తగ్గకముందే కండరం ముడుచుకునే, సాగే తీరులో తేడా తెలుస్తుంది.

ముందే తెలిసి చేసేదేముంది, ప్రత్యేకమైన మందు లేదు కదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. గుండె వైఫల్యంలో బాగా పనిచేస్తున్న ఎస్‌జీఎల్‌టీ2 మందులు టైప్ 1 వాళ్లకు కీటో అసిడోసిస్ (రక్తం ఆమ్లంగా మారే ప్రమాదస్థితి) తెచ్చిపెట్టగలవు. కాబట్టి సొంతంగా మొదలుపెట్టే పని కానే కాదు. అయితే బీపీ, కొలెస్టరాల్, కిడ్నీల సంగతి ఎప్పుడు గట్టిగా పట్టించుకోవాలన్నది ఆ పరీక్షలు తేలుస్తాయి. తేడా కనబడిన ప్రతి ఒక్కరికీ గుండె చెడిపోతుందనీ లేదు. భయపెట్టడానికి ఈ మాట రాయడం లేదు.

అన్నిటికన్నా పెద్ద మందు షుగర్ అదుపే. 1983లో అమెరికా, కెనడాల్లో మొదలైన డీసీసీటీ పరిశోధనలో 1441 మంది చేరారు. కొందరికి సగటున ఆరున్నరేళ్లు షుగర్‌ను గట్టిగా అదుపులో ఉంచారు, మిగతావాళ్లకు అప్పటి మామూలు చికిత్స ఇచ్చారు. 1993లో అది ముగిశాక రెండు వర్గాల షుగర్ స్థాయులూ దాదాపు ఒకటే అయ్యాయి. అయినా 2005లో చూస్తే, గట్టి అదుపు పాటించిన వాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులు 42 శాతం తక్కువ. తొలినాళ్ల అదుపును గుండె ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటోంది.

ఇక్కడే నా బాధంతా. ఆరోగ్యశ్రీ పుణ్యమా అని 2007 నుంచి ఎన్నో పేద కుటుంబాలకు గుండె ఆపరేషన్లు అందాయి. ఆ గుండె అక్కడిదాకా రాకుండా ఆపగలిగే షుగర్ పరీక్ష స్ట్రిప్పుల ఖర్చు మాత్రం చాలా ఇళ్లలో తల్లిదండ్రుల మీదే పడుతోంది. రోజుకు నాలుగుసార్లు చూడాల్సిన షుగర్‌ను నెలాఖరులో రెండుసార్లతో సరిపెట్టి, మిగతా వేళల్లో అంచనా మీద ఇన్సులిన్ వేసే అమ్మలున్నారు. ఇన్సులిన్‌తో పాటు ఆ స్ట్రిప్పుల డబ్బాను కూడా ప్రభుత్వమే ప్రతి నెలా పిల్లల చేతికివ్వాలి.