మూడు గంటల పరుగు, ఆరు నెలల సాధన

ఈ ప్రత్యేక సంచికలో దేశ రాజకీయాల మీదా, సినిమాల మీదా, హాస్టలు సాంబారు మీదా రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. నేను కాళ్ళ మీద రాస్తాను. సంపాదకవర్గంలో ఒకరిద్దరు నవ్వారు గాని, వద్దనలేదు.

సంగతేమిటంటే, జూలైలో మన సంఘం సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. క్యాన్సర్ పరిశోధనకి నిధి సేకరించటం కోసం రామకృష్ణా బీచి నుంచి భీమిలి దాకా విద్యార్థుల పరుగు. దరిదాపు పాతిక కిలోమీటర్లు. పంద్రాగస్టు నాడు పెడదామన్నారు. చప్పట్లు మోగిపోయాయి. పది నిమిషాల్లో చొక్కాల రంగు తేలిపోయింది, ముఖ్య అతిథి తేలిపోయారు, బ్యానరు ఎన్ని అడుగులుండాలో కూడా తేలిపోయింది. పాతిక కిలోమీటర్లు పరిగెత్తాలంటే ఎన్నాళ్ళు సాధన చెయ్యాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. పైగా అందరికన్నా ముందు చెయ్యెత్తి పేరిచ్చాను.

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాను. హాస్టలు నుంచి సముద్రం దాకా అంతా దిగుడే కదా, బాగానే వెళ్ళాను. కురుసురా సబ్‌మెరీను దగ్గరికి వచ్చేసరికి గుండె చెవుల్లో కొట్టుకోవటం మొదలెట్టింది. తిరుగు ప్రయాణం ఆటోలో. ఆ సాయంత్రం లైబ్రరీ మెట్లెక్కటానికి గోడ పట్టుకున్నాను. అప్పుడర్థమైంది, మూడు వారాల్లో పాతిక కిలోమీటర్లన్నది తెలియక చేసిన సాహసమనీ, చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరు కూడా పరిగెత్తేవాళ్ళు కారనీ.

ఇలాంటి పరుగుల్ని మనం ఎరగనివాళ్ళం కాదు. ఎక్కడని అడక్కండి, ఒకచోట జరిగిన క్యాన్సర్ పరుగులో నేనూ ఉన్నాను. మూడు కిలోమీటర్లు. రెండో కిలోమీటరుకే సగంమంది టీకొట్ల దగ్గర ఆగిపోయారు. మర్నాడు పేపర్లో తలుపంత చెక్కుతో ఫోటో. చొక్కాలకైన ఖర్చు ఆ చెక్కు మీది అంకెకన్నా ఎక్కువని తరవాతెప్పుడో తెలిసింది. ఎవరూ దొంగతనం చెయ్యలేదు. ఉత్సవం చేశారు, అంతే.

నా వాదన చిన్నది. పరిశోధన కోసం చందా అడగదల్చుకుంటే పరుగు రోజుకి అడగొద్దు, సాధన రోజులకి అడుగుదాం. ఈ మాట నాకు టెర్రీ ఫాక్స్ కథ వల్ల తట్టింది.

ఆ పేరు చాలామంది వినే ఉంటారు. కెనడా కుర్రాడు, 1958లో పుట్టాడు. సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీ విద్యార్థి, బాస్కెట్‌బాల్ ఆటగాడు. 1977 మార్చిలో మోకాలి దగ్గర ఎముక క్యాన్సర్ బయటపడింది. కుడికాలు మోకాలికి జానెడు ఎగువన తీసేశారు. అప్పటికి పద్దెనిమిదేళ్ళవాడు. ఆపరేషన్‌కి ముందు రాత్రి అతని బాస్కెట్‌బాల్ గురువు ఒక పత్రిక తెచ్చి చేతిలో పెట్టాడట. ఒంటికాలితో న్యూయార్క్ మారథాన్ పూర్తిచేసిన డిక్ ట్రామ్ అనే ఆయన గురించిన వ్యాసం అందులో ఉంది. మందుల చికిత్స నెలల తరబడి సాగింది. ఆ వార్డులో తనకన్నా చిన్నపిల్లల్ని చూశాడు. దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తి పరిశోధనకి డబ్బు పోగుచెయ్యాలన్న ఆలోచన అక్కణ్ణించి వచ్చింది.

1980 ఏప్రిల్ 12న సెయింట్ జాన్స్ రేవులో కొయ్యకాలు అట్లాంటిక్ నీళ్ళలో ముంచి బయల్దేరాడు. రోజుకి సుమారు 42 కిలోమీటర్లు, 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆగిపోయాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకింది. 1981 జూన్ 28న, ఇరవైమూడు నిండకుండానే పోయాడు. ఇది అందరూ చెప్పే కథ. విగ్రహాలూ, తపాలా బిళ్ళలూ ఈ కథకే.

ఎవరూ అంతగా చెప్పని కథ ఇంకోటుంది. 1979 ఫిబ్రవరిలో మొదలెట్టి పధ్నాలుగు నెలలు సాధన చేశాడు. మొదటిసారి పరిగెత్తింది అర మైలు. ఎవరి కంటా పడకూడదని చీకట్లో. ఆ కాలంనాటి కృత్రిమ పాదం నడకకి చేసిందే గాని పరుగుకి కాదు. అంచేత మంచికాలి మీద రెండు గంతులు, కృత్రిమ పాదం మీద ఒక అడుగు, అదీ అతని పరుగు. మొండికాలు ఒరుసుకుపోయి రక్తం కారేది. ఇంట్లోవాళ్ళకి మొదట్లో వాంకూవర్ మారథాన్ కోసమని చెప్పాడు. ఒక దఫా నూటొక్క రోజులు వరసగా పరిగెత్తి, వాళ్ళమ్మ బతిమాలితే క్రిస్మస్ నాడు ఒక్కరోజు ఆగాడట. ఆ ఏడే సెప్టెంబరు ఆరంభంలో ప్రిన్స్ జార్జ్‌లో పదిహేడు మైళ్ళ పందెంలో అందరికన్నా ఆఖరున వచ్చాడు. ఇంటికొచ్చాకగాని అసలు ఉద్దేశం బయటపెట్టలేదు. మొత్తం సాధనలో పరిగెత్తింది 5,000 కిలోమీటర్ల పైమాట.

ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. లోకం చూసిన పరుగెంతో లోకం చూడని పరుగూ ఇంచుమించు అంతే.

(అతని దగ్గర మనం నేర్చుకోకూడనిదీ ఒకటుంది. నొప్పిని దాచేవాడు, దారిలో డాక్టర్ల పరీక్షలు తప్పించుకునేవాడు. కాలు వాచినా సరే పరిగెత్తుతానని భీష్మించే మిత్రులు అతన్ని సాక్ష్యానికి పిలవొద్దు.)

డబ్బు విషయంలో మాత్రం అతను మహా ఖచ్చితం. బండి ఒక కంపెనీ ఇచ్చింది, బూట్లు ఇంకో కంపెనీ ఇచ్చింది. తమ సరుకుని మెచ్చుకోమని షరతు పెట్టినవాళ్ళ దగ్గర పైసా పుచ్చుకోలేదు. పోర్ట్ ఓ బాస్క్ అనే పదివేల జనాభా ఊళ్ళో పదివేల డాలర్లు పోగయ్యాయి, మనిషికో డాలరు. 1981 ఫిబ్రవరికి నిధి 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటింది, అప్పటి కెనడా జనాభా 2 కోట్ల 40 లక్షలు. ఇప్పుడు ఏటా అతని పేర అనేక దేశాల్లో పరుగులు జరుగుతాయి, మన మద్రాసు ఐ.ఐ.టి.లో కూడా జరిగాయి. వాటిలో గెలిచేవాళ్ళూ లేరు, బహుమతులూ లేవు. ఇన్నేళ్ళలో పరిశోధనకి చేరింది 80 కోట్ల డాలర్ల పైచిలుకు.

నాకీ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. మా మావయ్య కొడుకు మూడేళ్ళ కిందట, వాడికి పధ్నాలుగేళ్ళప్పుడు, మోకాలి పైన నొప్పి అన్నాడు. ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు. నూనె రాశారు, నాటుకట్టు కట్టించారు. మూడు నెలలు అలా గడిచాక వాపు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించారు. టెర్రీ ఫాక్స్‌కి వచ్చిన జబ్బే. నేను సెలవుల్లో వాడి మంచం పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు నర్సమ్మ ఒక సెలైను సంచి తెచ్చి తగిలించింది. అందులో మందు పసుపుపచ్చగా, నిమ్మతొనల బిళ్ళ కరిగించినట్టుంది. "ఏమిటమ్మా ఇది?" అంటే, "మెథోట్రెక్సేట్" అంది. "బావా, పేరు రాసుకో, పరీక్షలో వస్తుంది" అన్నాడు వాడు, వాంతుల మధ్య.

రాసుకున్నాను. హాస్టలుకొచ్చి వెతికాను. ఆ మందు పుట్టింది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో. అక్కడ పరిశోధనకి అధిపతిగా ఉన్నది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ ఆసిడ్ అనే విటమిను మీద పనిచేస్తూ, దానికి విరోధులైన పదార్థాల్ని ఆయన బృందం తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకి ఇస్తే కొందరు కొన్నాళ్ళపాటు కోలుకున్నారు. ఆ వార్త లోకానికి తెలిసింది 1948లో. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు. వాటిలోదే ఇంకొకటి మెథోట్రెక్సేట్. దాన్ని పెద్ద మోతాదులో ఎముక క్యాన్సర్‌కి వాడటం 1970ల మొదట్లో గాని రాలేదు. అంటే పాతికేళ్ళు ఒకరి తరవాత ఒకరు, ఎవరి చప్పట్లూ లేకుండా చేస్తూ పోయారు. టెర్రీ ఫాక్స్‌కి డాక్టర్లు చెప్పిన లెక్క ఒకటుంది. బతికే అవకాశం సగానికి సగం, రెండేళ్ళ ముందు ఇదే జబ్బు వచ్చుంటే నూటికి పదిహేను. ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చిందో అతను గ్రహించాడు గనకే అన్నదానానికో ఆసుపత్రి గోడలకో కాక, పరిశోధనకని పరిగెత్తాడు.

ఇక్కడ మన ఎకనమిక్స్ మాస్టారి ఆక్షేపణ చెప్పకపోతే అన్యాయం. "ఏమోయ్, మీ లక్షా లక్షన్నరతో ఏ ప్రయోగశాల నడుస్తుంది? ఒక్క యంత్రం మరమ్మతుకి చాలదు. శ్రీకాకుళం నుంచి మందుకొచ్చిన రోగి బస్సు ఛార్జీ లేక మధ్యలో మానేస్తున్నాడు. వాడికిచ్చెయ్యి, ఈవేళే పుణ్యం" అన్నారు. ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మావాడి వార్డులో రెండు మంచాలవతల ఉన్న కుర్రాడు సరిగ్గా అలాగే మానేశాడు. బస్సు ఛార్జీకి వేరే పెట్టె పెడదాం, అందులో నేనూ వేస్తాను. కాని ఎదురుగా కనపడే కష్టానికి మనవాళ్ళ చెయ్యి ఎలాగోలా జేబులోకి వెళ్తుంది. కనపడనిది పరిశోధన. దానికి ఎవరో ఒకరు అడిగి తీరాలి. ఆ పసుపు సంచి ఖరీదు కట్టింది మా మావయ్యే, నిజమే. కాని ఆ సంచి అనేది ఒకటి ఉండటానికి ముందే ఎవరెవరో కట్టారు.

సరే, మా సాధన సంగతి. గొడవపడి పరుగుని జనవరికి వాయిదా వేయించాం. పేర్లిచ్చినవాళ్ళు ముప్ఫైనాలుగు మంది, ఇవాళ్టికి మిగిలింది పదకొండు. మొదటి నెల ఐదు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పోవాలి, ఆయాసంతో మాట ఆగితే వేగం ఎక్కువైనట్టే. వారానికి రెండు రోజులు పూర్తి సెలవు, ఆదివారం పొడుగు పరుగు, దాన్ని కూడా వారవారం కొద్దికొద్దిగానే పెంచటం. మొదట్లో సాగరనగర్ దాకా వెళ్ళగలిగితే గొప్ప. తరవాత రుషికొండ వచ్చింది. మంగమారిపేట దాకా వెళ్ళిన ఆదివారం జాలర్లు అలివివల లాగుతూ, "ఎవరు తరుముతున్నారు బాబూ?" అని అడిగారు. విశాఖ ఉక్క మీకు తెలియంది కాదు. ఆగస్టులో ఐదింటికే చొక్కా పిండితే నీళ్ళు. మజ్జిగలో ఉప్పేసుకుని సీసాల్లో పట్టుకెళ్ళేవాళ్ళం. నా కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. ముంజంగటి నొప్పితో పదిరోజులు కూర్చున్నాను. ఆ పదిరోజులూ కూర్చోవటమే అన్నిటికన్నా కష్టమైన సాధన. మావాడు ఆదివారాలు స్కూటర్ మీద వెనకాల వస్తాడు, సీసాలు మోస్తూ. వాడి కాలు తియ్యలేదు. ఎముక ముక్క తీసి లోహం పెట్టారు. పరిగెత్తకూడదు. "బావా, ఇంతకన్నా మెల్లిగా వెళ్తే స్కూటర్ పడిపోతుంది" అని హెచ్చరిస్తుంటాడు.

ఇప్పుడు సంఘానికి నా ప్రతిపాదన. చొక్కాలొద్దు, ముఖ్య అతిథి వద్దు. హాస్టలు గేటు దగ్గర ఒక పుస్తకం ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరేవాళ్ళు సంతకం పెడతారు, తిరిగొచ్చాక కాపలా తాత పెడతాడు. చందా ఇవ్వదల్చుకున్నవాళ్ళు ఆ పదకొండు మందిలో ఎవరినైనా ఎంచుకోండి. వాడు లేచిన ఉదయానికి రూపాయి. ఎగ్గొట్టిన ఉదయానికి ఏమీ లేదు. ఆరు నెలలకి నూటపాతిక ఉదయాలనుకోండి, మనిషికి నూటపాతిక రూపాయలు. వెయ్యిమంది కలిస్తే లక్షా పాతికవేలు. పరిశోధన నిధికని విడిగా రసీదు ఇచ్చే సంస్థకే పంపుదాం. ఆ రసీదూ, ఖర్చుల కాగితమూ మన నోటీసు బోర్డు మీద నెలరోజులు అంటించి ఉంచాలి. ఖర్చంటూ ఉంటే అది పుస్తకానికీ, పెన్నుకీ, అరటిపళ్ళకీ.

పరుగు నాడు భీమిలిలో ఎవరు ముందొస్తారో రాయటానికి కాగితం కూడా పెట్టటం లేదు. పుస్తకంలో నా పేరు ఏడో వరసలో ఉంటుంది. అక్టోబరులో పది ఖాళీ గళ్ళు కనిపిస్తాయి, అవి ముంజంగటి నొప్పివి, వాటికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. నవంబరు 3వ తారీకు గడి మాత్రం బద్ధకానిది.