కాన్పుతో పోయే జబ్బు కాదు

ఉగాది కవితల నడుమ రక్తపుపోటు గురించి వ్యాసమేమిటని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. చిట్లించినా సరే, చదవండి. కువైట్‌లోని మన తెలుగు ఇళ్ళల్లో ఒక మాట మంత్రంలా చలామణీ అవుతున్నది: "కడుపుతో ఉన్నప్పుడు బీపీ మామూలే, కాన్పయితే అదే పోతుంది." ఇందులో సగం నిజమున్నది. ఆ సగాన్ని చూచి మిగతా సగాన్ని కూడా నమ్ముతున్నారు. మా అభ్యంతరం అక్కడే.

గర్భిణి ఒంట్లో రక్తం సుమారు 40 శాతం పెరుగుతుంది. గుండె నిమిషానికి తోడిపోసే రక్తం 30 నుండి 50 శాతం దాకా హెచ్చుతుంది. అయినా రక్తనాళాలు వదులవుతాయి గనుక నడి నెలల్లో పోటు కాస్త తగ్గుతుంది. 20 వారాల తర్వాత అది 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ కనబడితే ప్రీ ఎక్లాంప్సియా అంటాం. అది ముదిరి ఫిట్లు వస్తే మన పల్లెల్లో గుర్రపువాతం అన్నారు.

దీని మూలం మాయలో ఉన్నదని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. గర్భాన్ని తల్లి రోగనిరోధక శక్తి ఎలా భరిస్తుందో వివరిస్తూ కువైట్ విశ్వవిద్యాలయానికి చెందిన రాజ్ రఘుపతి 1997లో ప్రచురించిన వ్యాసాన్ని ఈ రంగంలోని వారు నేటికీ తలుస్తారు. మాయ బయట పడగానే జబ్బు పోవాలన్న తర్కం ఇక్కడ పుట్టిందే. కాని గుండె ఆ తర్కం వినలేదు. సుమారు 35 లక్షల మంది స్త్రీల వివరాలను కలిపి చూచిన 2007 నాటి బ్రిటిష్ పరిశీలనలో, ఈ జబ్బు వచ్చిన తల్లులకు తర్వాతి కాలంలో రక్తపుపోటు దాదాపు నాలుగింతలు, గుండెజబ్బు రెండింతలు ఎక్కువని తేలింది. నెలలు నిండకముందే ఈ జబ్బు వచ్చిన వారిలో సగానికి పైగా ఏడాది తర్వాత కూడా గుండె ఎడమ గదిలో లోపం కనబడిందని 2011లో లండన్ వైద్యులు చూపారు. వారికి ఆయాసం లేదు, నొప్పి లేదు. రోగులమన్న సంగతే తెలియదు.

ఇక మన ఆచారం చూడండి. భార్యను ఏడో నెలలో విమానం ఎక్కించి పుట్టింటికి పంపుతాం. మొదటి నెలల పోటు లెక్కలు ఇక్కడి క్లినిక్కులో ఉండిపోతాయి. ఆమె కడపలోనో రాజంపేటలోనో కొత్త డాక్టరు ముందు ఒట్టి చేతులతో కూర్చుంటుంది. పోటు పాతదా, కొత్తదా అని ఆ డాక్టరు ఎలా తేల్చాలి? బిడ్డతో తిరిగి వచ్చాక పిల్లవాడి టీకాలు అడిగేవారే గాని తల్లి పోటు అడిగే నాథుడు లేడు.

"మా అవ్వ పదిమందిని కన్నది, ఏ మిషనూ చూడలేదు" అంటారు కొందరు. బ్రతికిన అవ్వ మాట చెబుతున్నారు. బాలింతగా పోయిన అవ్వల మాట ఎవరు చెప్పాలి? ఆ తరంలో మారుతల్లి లేని వీధి ఏ ఊళ్ళో ఉన్నదో చూపండి.

ఇళ్ళల్లో పనిచేసే మన ఆడబిడ్డల సంగతి మరీ అన్యాయం. చంటిబిడ్డను తల్లికి అప్పగించి వచ్చినవారున్నారు. వీసా పరీక్ష ముఖ్యంగా అంటురోగాలను వెతుకుతుంది. ఆమె పురుటిలో ఏం జరిగిందో ఎవరికి కావాలి? ప్రైవేటు ఉద్యోగినికి 70 రోజుల జీతంతో కూడిన ప్రసూతి సెలవిచ్చిన 2010 నాటి కువైట్ చట్టం ఇంటిపనివారికి వర్తించదు. 2015 చట్టం వారికి వారానికొక సెలవు దినం ఇచ్చింది. ఆ సెలవు నాడైనా ఆమె చేతికి పోటు పట్టీ చుట్టేవారు ఉండవద్దా?

పరిశోధన చాలక కాదు ఈ దుస్థితి. మెగ్నీషియం సల్ఫేటు గుర్రపువాతాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 33 దేశాల్లో పదివేల మందిపై జరిగిన పరీక్ష 2002లోనే తేల్చింది. ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు మూడో నెల చివర మొదలుపెట్టి రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, నెలలు నిండకముందు వచ్చే ప్రీ ఎక్లాంప్సియా 4.3 శాతం నుండి 1.6 శాతానికి దిగిందని 2017లో రుజువైంది. ఇవి చవక మందులే. డాక్టరు చెప్పనిదే వాడరాదు. కాని డాక్టరు చెప్పాలంటే ముందు ఆమె డాక్టరు దగ్గరికి చేరాలి.

కనుక మా మనవి సూటిగా చెబుతున్నాం. సంఘం ప్రతి సభలోనూ వేదిక పక్కన ఒక బల్ల, ఒక బీపీ మిషను పెట్టండి. ఊరికి వెళ్ళే ప్రతి గర్భిణి చేతిలో ఆమె పోటు లెక్కల కాగితం పెట్టండి. తిరిగి వచ్చిన తల్లికి మూడో నెలలో ఒకసారి, ఆపై ఏటా ఒకసారి పోటు చూపించండి. పూలదండలకు అయ్యే ఖర్చు కూడా దీనికి కాదు. కోశాధికారి గారు కాదనగలరా?