ఆరోగ్యశ్రీ ఆగిపోయే చోట

ఏటా ఫిబ్రవరి 15న అంతర్జాతీయ బాల్య క్యాన్సర్ దినం జరుపుతారు. జబ్బు తగ్గిన పిల్లల్ని వేదిక ఎక్కించి ఫొటోలు తీస్తారు. ఆ తర్వాత ఆ పిల్లలు ఏ వాడకు తిరిగిపోతారు, ఏ బడిలో ఎక్కడ కూర్చుంటారు అన్నది ఎవరికీ వార్త కాదు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక మాదిగ కుటుంబాన్ని పరిశోధనలో భాగంగా మేము కొంతకాలంగా కలుస్తున్నాం. తల్లిదండ్రులిద్దరూ కూలీలు. సెంటు భూమి లేదు. కొడుక్కి ఆరేళ్లప్పుడు జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆర్‌ఎంపీ సూదులు, రెండు ప్రైవేటు ఆసుపత్రులు దాటి హైదరాబాద్ చేరేసరికి ఆరు వారాలు గడిచాయి, 40 వేల అప్పు మిగిలింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అని అక్కడ తేలింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే.

ఇది నయమయ్యే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. చాలా పేద, మధ్యాదాయ దేశాల్లో ఇది 30 శాతం లోపే. 2030 నాటికి కనీసం 60 శాతం మంది బతకాలని ఆ సంస్థ 2018లో లక్ష్యం పెట్టింది. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, చికిత్స మధ్యలో మానేయడం ఈ తేడాకు ప్రధాన కారణాల్లో ఉన్నాయి. 'మానేయడం' అన్న మాటలోనే తప్పు కుటుంబం మీదికి పోతుంది. కానీ రెండు మూడేళ్లు సాగే చికిత్సను కూలి మీద బతికే ఇల్లు ఎలా మోస్తుందో ఆ మాట చెప్పదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లేకపోతే ఈ బాబు బతికేవాడు కాదు. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఇది చిన్న విషయం కాదు. అయితే ఆ డబ్బు ఆసుపత్రికి చేరుతుంది. తల్లి పోగొట్టుకున్న కూలి, నగరంలో అద్దె గది ఆ ప్యాకేజీలో లేవు. క్యాన్సర్ రోగులకు రైల్వే రాయితీ ఉంది గానీ వీళ్ల మండలానికి రైలే లేదు. రక్తం ఎక్కించాల్సిన ప్రతిసారీ దాతలను తెమ్మన్నారు. బంధువులు లేని నగరంలో తండ్రి అడ్డా మీది తోటి కూలీలనే బతిమాలుకున్నాడు. భూమి ఉన్న కుటుంబం అర ఎకరం అమ్ముకుంటుంది. వీళ్లకు అమ్ముకోవడానికి తమ పనే ఉంది. వచ్చే సీజన్ పత్తి ఏరడానికి రైతు దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. ఎనిమిదో తరగతి చదువుతున్న పెద్ద కూతురు బడి మానేసి ఇంటి పని, కూలి పని నెత్తికెత్తుకుంది. ఒక బిడ్డ బతకడానికి ఇంకో బిడ్డ చదువు ఖర్చయింది.

మందులు ఆగాక బాబు బడికి వెళ్లాడు. ఊడిన జుట్టు ఇంకా పూర్తిగా రాలేదు, మూతికి మాస్కు ఉంది. మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలు దూరం జరిగారు. పళ్లెం విడిగా పెట్టారు. క్యాన్సర్ అంటురోగం కాదని ఏ టీచరూ చెప్పలేదు. తల్లి మాతో అన్నది: "మమ్ముల దూరం పెట్టుడు కొత్తనా సారూ? అప్పుడు కులం అన్నరు, ఇప్పుడు రోగం అంటున్నరు."

జబ్బు తగ్గినంత మాత్రాన వైద్యం అవసరం తీరదు. డాక్సోరుబిసిన్ వంటి మందుల ప్రభావం ఏళ్ల తర్వాత గుండె మీద కనిపించవచ్చు. మెదడుకు రేడియేషన్ ఇస్తే జ్ఞాపకశక్తి, చదువు దెబ్బతినవచ్చు. అందుకే క్రమం తప్పని పరీక్షలు కావాలి. ఈ తల్లి దగ్గర ఉన్నది కవరు నిండా ఇంగ్లీషు కాగితాలు. ఏ మందు ఎంత ఇచ్చారో, ఇక ముందు ఏం చూసుకోవాలో తెలుగులో ఒక్క పేజీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో తలసేమియా, సికిల్ సెల్ ఉన్నాయి, క్యాన్సర్ లేదు. చదువు ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఈ అక్కాతమ్ముళ్లలో ఎవరికీ ఆ శిక్షణ అందలేదు.

1981లో మొదలైన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికల్లో వయసు, లింగం, అవయవం వారీగా అంకెలు ఉంటాయి. కులం వారీగా ఉండవు. దళిత పిల్లలు ఎంతమంది ఆలస్యంగా వస్తున్నారు, ఎంతమంది మధ్యలో ఆగిపోతున్నారు అన్నది లెక్కల్లోకే రాకపోతే బడ్జెట్‌లోకి ఎలా వస్తుంది?

అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. చికిత్స కాలంలో పోయిన కూలికి పరిహారం ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన ఆరోగ్య ఆసరా, చికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయల లెక్కన భృతి ఇచ్చింది. కాబట్టి ఇది కొత్త ఆలోచన కాదు. కోలుకున్న ప్రతి బిడ్డకు తెలుగులో చికిత్స పుస్తకం, ఉచిత వార్షిక పరీక్షలు కావాలి. రిజిస్ట్రీల్లో కులం నమోదు కావాలి. తోబుట్టువులకు సాంఘిక సంక్షేమ గురుకులాల్లో సీటు ఇవ్వాలి. తెలంగాణలో 2017 ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. దళిత పిల్లల ప్రాణం, చదువు కంటే ఆ నిధికి ముందు ఏముంటుంది?

బాబుకిప్పుడు పదేళ్లు. బడికి పోతున్నాడు. అక్కకు పదిహేడు. మేము చివరిసారి వెళ్లినప్పుడు ఆమె ఇంట్లో లేదు. పత్తి ఏరడానికి పోయింది.