పబ్లిక్ ఎవరు సారూ?

బస్సెక్కితే ఛార్జి ఇస్తాం. సెల్లుకు ఛార్జింగు పెడతాం. కలెక్టరాఫీసు ముందు ధర్నా చేస్తే లాఠీఛార్జి తింటాం. మన సంఘానికి మండల ఇన్‌ఛార్జి ఉంటాడు. ఇన్ని ఛార్జీలు నోట్లో నలిగే మనకు ఇంగ్లీషు రాదని ఎవరన్నారు? బడి మొహం చూడని మన అమ్మలు సైతం పొద్దున లేచింది మొదలు ఇంగ్లీషు మాటలతోనే పని గడుపుకుంటున్నారు. అవి మన మాటలే. ఎవరి దయాధర్మం కాదు.

చిక్కెక్కడంటే, ఆ మాటే పోలీసు స్టేషన్ మెట్లెక్కేసరికి వేరే అర్థం తొడుక్కుంటుంది. మన నోట్లో ఒకటి, రైటరు కాగితం మీద ఇంకొకటి. వేలిముద్ర పడ్డాక ఏ అర్థం చెల్లుతుందో మన వాడల్లో అందరికీ తెలుసు.

ఛార్జిషీటునే తీసుకోండి. "ఛార్జి వేసేశారు, ఇక వాడి పని అయిపోయింది" అని మనవాళ్ళు సంబరపడతారు. ఛార్జిషీటంటే పోలీసులు కోర్టుకిచ్చే కాగితం. దాన్ని చూసి, ఇరుపక్షాలూ చెప్పింది విని, కోర్టు మోపేది ఛార్జి. రెంటికీ మధ్య ఏళ్ళు గడిచిపోవచ్చు. అట్రాసిటీ కేసులో దర్యాప్తు ముగించి 60 రోజుల్లో ఛార్జిషీటు వెయ్యాలని 2016లో సవరించిన రూల్సు చెబుతున్నాయి. ఆ రోజులు వాళ్ళు లెక్కపెట్టరు. మనమే గోడ మీద గీతలు గీసుకోవాలి.

ఇంకోటి మిస్టేక్. "మీ కేసు మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్ అని రాశాం" అని కానిస్టేబులు నోటీసు తెచ్చిస్తాడు. మిస్టేకంటే మనకు చిన్న పొరపాటు. దిద్దుతారులే అని ఆ కాగితాన్ని చూరులో దోపుతాం. దిద్దడం కాదు, మీరు చెప్పింది జరగలేదని కేసు మూసేశారు! దాని మీద కోర్టులో ప్రొటెస్ట్ పిటిషన్ వేసుకునే హక్కు ఫిర్యాదు చేసినవాళ్ళకుంది. ప్రొటెస్టంటే మనకు జెండా పట్టి రోడ్డెక్కడమే తెలుసు. తెల్లకాగితం మీద రాసే ప్రొటెస్టు ఒకటుందని మన కార్యకర్తల్లోనే చాలామందికి తెలియదు. రోడ్డు మీద చేసేది మానమనడం లేదు. కాగితం మీదదీ చెయ్యమంటున్నాం.

కాంపౌండంటే మనకు గోడ. కామందు ఇంటి చుట్టూ, బడి చుట్టూ కట్టే గోడ. సూదిమందు వేసే కాంపౌండరు కూడా తెలుసు. కోర్టు భాషలో కాంపౌండ్ చెయ్యడమంటే రాజీ చేసుకొని కేసు ఎత్తేయడం. 1989 అట్రాసిటీ చట్టం కింద నేరాలు నాన్ కాంపౌండబుల్. అంటే ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి రాయించిన కాగితంతో కేసు పోదు. లోక్ అదాలత్‌కు కూడా ఆ నేరాల మీద అధికారం లేదు. పెద్దకోర్టులు అరుదుగా రాజీని చూసి కేసు కొట్టేసిన మాట నిజమే, 2021లో సుప్రీంకోర్టే అలా ఒక కేసు కొట్టేసింది. కానీ అది ఆ కోర్టు పని. ఎస్సై గారిదీ కాదు, సర్పంచిదీ కాదు. మరి స్టేషన్లోనే "కాంప్రమైజ్ అయిపోండయ్యా, ఒకే ఊళ్ళో బతకాల్సినవాళ్ళు" అని ఎందుకంటారు? ఒకే ఊళ్ళో బతకాలన్న సంగతి తిట్టేటప్పుడు, కొట్టేటప్పుడు వాడికెందుకు గుర్తుండదో మాత్రం ఎవరూ అడగరు.

అన్నిటికన్నా మన కొంప ముంచుతున్న మాట పబ్లిక్.

కులం పేరుతో తిట్టినా, అవమానించాలని అవమానించినా నేరమే. అయితే అది 'పబ్లిక్ వ్యూ'లో, అంటే నలుగురి కంట పడే చోట జరగాలని చట్టంలో ఉంది. ఎక్కడైనా జరిగే సంగతే చెబుతాం. పొలం గట్టు మీద ఒక మాదిగ తల్లిని కామందు కులమెత్తి బండబూతులు తిట్టాడు. స్టేషన్లో అడిగారు: "ఆ టైములో పబ్లిక్ ఎవరన్నా ఉన్నారామ్మా?" ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది: "పబ్లిక్ ఎవరూ లేరు సారూ, మా పల్లెవోళ్ళు నలుగురు, పక్కూరి నుంచొచ్చిన కూలోళ్ళు ఆరుగురు, అంతే." రైటరు రాసుకున్నాడు: పబ్లిక్ లేరు. అంతే సంగతులు.

ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు పబ్లిక్ అంటే తిరణాలలో జనం, సినిమాహాలు దగ్గర జనం, ఓట్లకొచ్చే నాయకుడు దండం పెట్టే జనం. పది మంది కూలోళ్ళు ఆ లెక్కలోకి వస్తారని ఆమెకు ఎవరూ ఏనాడూ చెప్పలేదు. మనల్ని మనమే పబ్లిక్ కాదనుకునేంతగా ఈ కులవ్యవస్థ మనల్ని అణగదొక్కింది. చట్టం మాట వేరు. పబ్లిక్ ప్లేసు వేరు, పబ్లిక్ వ్యూ వేరని 2008లో సుప్రీంకోర్టు విడమర్చి చెప్పింది. సొంత ఇంటి ముందరైనా సరే, దారిన పోయేవాళ్ళకు కనిపిస్తే అది పబ్లిక్ వ్యూనే. ఇంటి లోపలైతే బంధువులూ స్నేహితులే కాక బయటివాళ్ళు కూడా ఉండాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట తిడితే ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో ఇంకో తీర్పొచ్చింది. గోడల మధ్య పడ్డ తిట్టు తిట్టు కాదా అన్నది మా ప్రశ్న. అది తేలేదాకా ఫిర్యాదులో ఏ గట్టు, ఏ దారి, ఎవరు విన్నారు, వాళ్ళలో మన చుట్టం కానివాళ్ళెవరు అన్నది పేరుపేరునా రాయించాలి.

ఈ పబ్లిక్ తగాదా కొత్తదేం కాదు. 1927లో బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు ముట్టినప్పుడు అగ్రకులాలు కోర్టుకెక్కి ఏమన్నాయి? చెరువు పబ్లిక్‌ది కాదు, మా సొంతం అన్నాయి. గుక్కెడు నీళ్ళ కోసం ఆ ఒక్క మాట మీద పదేళ్ళు వాదన నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టులో మనవాళ్ళు గెలిచారు.

బాయ్‌కాట్ కథ ఇంకో రకం. అదొక మనిషి పేరు. 1880లో ఐర్లండులో ఒక దొర భూములకు ఏజెంటుగా ఉన్న కెప్టెన్ బాయ్‌కాట్ కౌలు తగ్గించమంటే వినక రైతుల్ని వెళ్ళగొట్టబోయాడు. వాళ్ళంతా ఏకమై అతని పంట కొయ్యలేదు, కొట్లో సరుకివ్వలేదు. పేదలు భూస్వామి మనిషి మీద ఎత్తిన ఆయుధం ఆ మాట. మన దగ్గరికొచ్చేసరికి పిడి భూస్వామి చేతిలోకి పోయింది. 1991లో చుండూరులో సినిమాహాలు తగాదా తర్వాత మనవాళ్ళకు పొలం పనులు ఇవ్వకుండా బాయ్‌కాట్ చేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. సాంఘిక బాయ్‌కాట్, ఆర్థిక బాయ్‌కాట్ రెండూ నేరమేనని చట్టంలోకి ఎక్కింది 2015 సవరణతో. ఇప్పుడు కూలి చాలదని మనం పనికి పోకపోతే "వాళ్ళే మమ్మల్ని బాయ్‌కాట్ చేశారు సార్" అని కామందులు స్టేషన్‌కు పోతున్నారు. కూలి బేరం వేరు, వెలి వేరు. ఈ తేడా నోటితో గట్టిగా చెప్పగలిగేవాడు ప్రతి పల్లెలో ఒకడన్నా ఉండాలి.

ఈ ఇంగ్లీషు పీడంతా ఎందుకు, అచ్చ తెలుగులో రాస్తే పోలా అని పెద్దమనుషులు సలహా ఇస్తారు. ఛార్జిషీటును అభియోగపత్రం అంటే మన వాడలో ఎవరికి అర్థమవుతుంది? అది ఇంగ్లీషు కన్నా దూరం. ముద్దాయి అన్న మాట చూడండి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. మన తెలుగు కోర్టు కాగితాల్లో నేరం మోపబడ్డవాడు! మాట తలకిందులైంది. మనం కేసు పెట్టిన తెల్లారే కామందు కౌంటర్ కేసు పెడితే మనకు జరిగేదీ అదే. ఫిర్యాదు చెయ్యబోయినవాడు ముద్దాయై వస్తాడు. కౌంటరంటే టిక్కెట్లిచ్చేదనుకునే పిల్లవాడు జైలుకు పోయాక నేర్చుకుంటున్నాడు రెండో అర్థం.

మన పిల్లలకు ఇంగ్లీషు మీడియం కావాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. అయితే వాళ్ళు చదివొచ్చేదాకా కేసులు ఆగవు. అందుకని రాత్రిబడుల్లో ఏ, బీ, సీ, డీలతో పాటు ఈ మాటలు కూడా చెప్పండి. స్టేషన్లో రాసింది చదివి వినిపించమని అడగండి, చదివాక "ఈ మాటకు ఇక్కడ అర్థమేంటి సార్" అని అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్ళకు ఉచితంగా ఇవ్వాలి, దాన్ని చేతికి తీసుకోకుండా కదలకండి.

బాండు, బైండోవర్, బెయిలు, ష్యూరిటీ గురించి వచ్చే సంచికలో రాస్తాం. మీ మండలంలో ఇలా అర్థం తిప్పి మనవాళ్ళతో వేలిముద్ర వేయించుకున్న మాటలేమన్నా ఉంటే, ఏ సందర్భంలో జరిగిందో కూడా చేర్చి మాకు రాసి పంపండి.