పరీక్షకు ముందే చికిత్సా?

పాఠకులారా, ఈ వ్యాసం కోపంతో రాస్తున్నాను. ఆ కోపంలో కొంత నా మీద నాకే ఉంది.

సుమారు పన్నెండేళ్ళ క్రితం ఒక ఉపాధ్యాయురాలు నా వద్దకు వచ్చారు. ఆమెకు పొగతాగే అలవాటు లేదు. నాలుగు నెలలుగా క్షయవ్యాధికి మందులు వాడుతున్నారు. కఫంలో క్షయ క్రిములు ఒక్కసారీ కనబడలేదు. బయాప్సీలో ఊపిరితిత్తుల కర్కటవ్రణం, అందులో ఎడినోకార్సినోమా అనే రకం అని తేలింది. అప్పటికే అది ఎముకలకు పాకింది. ‘స్త్రీ, పొగతాగని మనిషి; ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు ఉండే తీరుతుంది’ అని ఊహించి, జన్యుపరీక్ష చేయించకుండానే జెఫిటినిబ్ మాత్రలు రాశాను. రెండు నెలల్లో వ్యాధి కాలేయానికి చేరింది. అప్పుడు చేయించిన పరీక్షలో ఆ మార్పు లేదని తెలిసింది. ఆమెకు మిగిలిన కొద్ది కాలంలో రెండు నెలలు నా ఊహకు బలి అయ్యాయి.

నేను పదవీ విరమణ చేశాను కాని ఆ పద్ధతి విరమించలేదు. సలహా కోసం నా వద్దకు తెచ్చే ఫైళ్ళలో నేటికీ అదే చూస్తున్నాను. కొందరికి ఊహ మీద మాత్రలు, మరికొందరికి బయాప్సీ నివేదిక వచ్చిన మర్నాడే కీమోథెరపీ. రెండూ గుడ్డి వైద్యమే.

ఊపిరితిత్తుల కాన్సర్లలో సుమారు 85 శాతం ‘చిన్నకణాలు కాని’ తరగతికి చెందినవి. వాటిలో ఎక్కువగా కనిపించేది ఎడినోకార్సినోమా. వ్యాధి ఒకచోటనే ఉంటే శస్త్రచికిత్స ప్రధానం. నేను చెబుతున్నది ఇతర అవయవాలకు వ్యాపించిన దశ గురించి. మన దేశంలో అత్యధికులు ఆ దశలోనే వైద్యుని చేరుతున్నారు. మన ఎడినోకార్సినోమా రోగులలో సుమారు నాలుగోవంతు మందికి ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు ఉంటుంది. కణాన్ని పెరగమని ఆజ్ఞాపించే గ్రాహకం ఆ మార్పు వలన ఆగకుండా పనిచేస్తుంది. జెఫిటినిబ్ వంటి మాత్రలు దానిని అణచివేస్తాయి. ఆ మార్పే లేకపోతే మాత్రకు పనేమిటి?

2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనం ఈ సంగతిని తేల్చివేసింది. తూర్పు ఆసియాలో, పొగతాగని వారిలోను, స్వల్పంగా తాగి మానిన వారిలోను జరిగిన పరిశోధన అది. మార్పు ఉన్నవారిలో జెఫిటినిబ్‌తో నూటికి 71 మందికి కణితి గణనీయంగా తగ్గింది. కీమోతో 47 మందికే. మార్పు లేనివారిలో మాత్రతో తగ్గినది నూటికి ఒక్కరికి. కీమోతో 23 మందికి పైగా. ఇంకొక విషయం గమనించండి. జన్యుపరీక్ష ఫలితం దొరికిన 437 మందిలో మార్పు ఉన్నవారు 261 మందే. పొగతాగని వారినే ఏరి కూర్చినా ఊహ ఇంతగా తప్పింది!

‘నాలుగో దశ, ఇంటికి తీసుకుపొండి’ అనే మాట కూడా పరీక్షకు ముందు చెల్లదు. ఏఎల్‌కే జన్యువులో మార్పు ఉండేవారు కొద్దిమందే. కాని అలెక్స్ అధ్యయనంలో ఎలెక్టినిబ్ వాడిన అట్టి రోగులలో అయిదేళ్ళ తరువాత నూటికి 60 మందికి పైగా జీవించి ఉన్నారు. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నవారికి నేడు జెఫిటినిబ్ కంటె మెరుగైన ఓసిమెర్టినిబ్ ఉంది. ఏ మార్పూ లేనివారికి పీడీ-ఎల్1 పరీక్షను బట్టి ఇమ్యునోథెరపీ, కీమో ఉన్నాయి.

తొందరపాటులో మరొక ప్రమాదం ఉంది. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉన్నవారికి ఇమ్యునోథెరపీ అంతగా పనిచేయదు. అది ఇచ్చిన కొద్ది కాలానికే ఓసిమెర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులలో తీవ్రమైన తాపం కలిగే అవకాశం పెరుగుతుంది.

‘అంతవరకు ఆగలేము’ అంటారు. రొమ్ములో నీరు చేరితే తీయవచ్చు. నొప్పికి, ఆయాసానికి వెంటనే వైద్యం చేయవచ్చు. నిజంగా ఆగలేని స్థితిలో ఇమ్యునోథెరపీ కలపకుండా కీమో మొదలుపెట్టి, ఫలితం రాగానే దారి మార్చుకోవచ్చు. ‘ముక్క చాలలేదు’ అంటారు. తీసిన నీటిలోని కణాలను పరీక్షించవచ్చు, రక్తపరీక్ష కూడా ఉంది. అయితే రక్తంలో మార్పు కనబడనంత మాత్రాన లేదని తేల్చరాదు. ‘ఖర్చు’ అంటారు. పరీక్షకు వేలల్లో అవుతుంది, సామాన్యునికి అది భారమే. కాని పనిచేయని మందుకు పోసే డబ్బు, పోయే కాలం అంతకంటె భారం. మందుకు డబ్బిచ్చే ప్రభుత్వ ఆరోగ్య పథకం పరీక్షకూ ఇవ్వాలి. 2024లో కేంద్రం ఓసిమెర్టినిబ్‌పై దిగుమతి సుంకం ఎత్తివేసింది, మంచిదే. కాని ఆ మందు ఎవరికి తగునో తెలిపే పరీక్ష అందకపోతే ఆ మేలు రోగికి చేరదు.

మీ ఇంట ఈ వ్యాధి కనబడితే వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఏ రకం? ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1, పీడీ-ఎల్1 పరీక్షలకు పంపారా? ఫలితం చూడకుండా ఈ మందు ఎందుకు ఇస్తున్నారు? మంచి వైద్యుడు కోపగించుకోడు. నన్ను ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, కలం ఆపి ఆలోచించేవాడిని.