ఆకే కదా అనవచ్చునా?



మనస్సు కుదురుగా లేకపోవడాన్ని చెప్పడానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో గమనించండి. గుబులు, బెంగ, దిగులు, బెదురు, కలత. ఇవి అచ్చంగా పర్యాయపదాలు కావు. తల్లికి దూరమైన పిల్లవాడిది బెంగ. ఫలితాలు వచ్చే ముందునాటి రాత్రి గుండెలో కదిలేది గుబులు. రోజుల తరబడి మనిషిని క్రుంగదీసేది దిగులు. వీటన్నింటినీ నేడు 'స్ట్రెస్' అనే ఒక్క మాటలో మూటకట్టి, ఆ మూటకంతటికీ ఒకే చూర్ణం చాలునంటున్నారు. "ఆకే కదా, వేరే కదా! మేలు చేయకపోయినా కీడు చేయదు" అన్నది తరచు వినబడే మాట. ఆ మాటతోనే నాకు పేచీ.

నేను మూలికలకు విరోధిని కాను. వాటిని నిజంగా గౌరవించేవారు ఆ మాట అనరాదన్నదే నా వాదం. మేలు చేయగల ద్రవ్యానికి కీడు చేయగల శక్తి కూడా ఉంటుంది.

సర్పగంధి చరిత్రను చూడండి. ఈ వేరు ఉన్మాదానికీ, రక్తపు పోటుకూ పనిచేస్తుందని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రాసిన వ్యాసంతో పాశ్చాత్యుల దృష్టి దీనిపై పడింది. 1952లో స్విట్జర్లాండు రసాయన శాస్త్రజ్ఞులు దీని నుండి రిసర్పిన్‌ను వేరుచేశారు. మన మూలిక ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అయితే ఆ మందు వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో పడుతున్నారని కొద్ది సంవత్సరాలకే వైద్యులు హెచ్చరించవలసి వచ్చింది. మనస్సును శాంతపరచిన వేరే మనస్సును క్రుంగదీయనూ గలదు.

ఇక నేటి కథానాయిక అశ్వగంధ, మన పెన్నేరు గడ్డ. దీని శాస్త్రీయ నామంలోని 'సోమ్నిఫెరా'కు నిద్ర తెచ్చేదని అర్థం. కొన్ని వారాల పాటు జరిగిన చిన్న ప్రయోగాలలో ఒత్తిడి కొంత తగ్గినట్లు తేలింది, అది కాదనను. కానీ కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు కూడా నమోదైంది. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడగకుండా దీనిని ముట్టరాదు. గర్భిణులు అసలే వాడరాదు. శాస్త్రం ప్రధానంగా వేరునే చెప్పగా, ఆకును కూడా కలుపుతున్నారని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులను వారించింది. 2023లో డెన్మార్క్ దీనిని నిషేధించింది. నిషేధమే సరియని నేననను. కానీ ఒక దేశం నిషేధించవలసినంత ఆలోచించిన ద్రవ్యాన్ని మనం పాలలో కలిపి పసిపిల్లలకిచ్చే ముందు కొంచెమైనా ఆలోచించవద్దా?

పేర్ల చిక్కు మరొకటి. 'బ్రాహ్మి' అంటే కేరళలో నీటి అంచున పాకే, దళసరి చిన్న ఆకుల మొక్క. ఉత్తరాదిన పలుచోట్ల అదే పేరుతో గుండ్రని ఆకుల మండూకపర్ణినిస్తారు. మన సరస్వతి ఆకు ఈ రెండవదే. చరకుడు మేధ్య రసాయనాలు నాలుగింటిలో మండూకపర్ణిని చేర్చాడు. మేధ్యమంటే మేధకు హితమైనదని అర్థం. మేధ వేరు, భయం వేరు.

నా ఉద్యోగకాలంలో ఒక విద్యార్థి ప్రతి పరీక్షనాడూ ఉదయాన్నే వాంతి చేసుకొనేవాడు. తల్లి శ్రద్ధగా సరస్వతీ లేహ్యం పెట్టేది. తప్పితే బడి మాన్పించి పనిలో పెడతామన్న తండ్రి మాటే వాడి రోగమని, అడిగితే గాని తెలియలేదు. లేహ్యం వాడి నాలుకను చేరింది గాని భయాన్ని చేరలేదు. తండ్రిని పిలిపించి మాట్లాడిన తరువాతే వాడి కడుపు కుదుటపడింది.

నన్ను బాధించేది ఇదే. మూలిక చాలా ఇండ్లలో ఒక చాటు అవుతున్నది. మానసిక వైద్యుని వద్దకు వెళ్ళితే నలుగురూ ఏమనుకొంటారోనన్న సంకోచాన్ని ఆ సీసా వెనుక దాచుకొంటున్నాము. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, బ్రతుకు మీద విరక్తి మాటలు వినబడినా ఇక చూర్ణాలతో కాలక్షేపం చేయరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవలో 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఇంట్లో వాడే లేహ్యం పేరు కూడా దాచకుండా చెప్పాలి. అదీ మందే గనుక.

చివరగా ఒక విన్నపం. సరస్వతి ఆకును, నీటి బ్రాహ్మిని మీ ప్రాంతాలలో ఏ పేర్లతో పిలుస్తారో వ్యాఖ్యలలో తెలియజేయగలరు. ఒక పేరుతో రెండు మొక్కలను మ్రింగే ప్రమాదమైనా మన మధ్య కొంత తగ్గుతుంది.